ఎరువు ఎక్కువైనా కష్టమే: సేంద్రియ కూరగాయల సాగుపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

చిన్న కమతంలో రసాయనాలు వాడకుండా కూరగాయలు పండించి అమ్ముకుంటున్నవారి నుంచి ఈ నెల ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట వాటిని కలిపి ఒక్క ప్రశ్నగా కుదించాము. ఉత్తరాల్లో చాలావరకు "ఏం వేయాలి, ఏం చల్లాలి" అని అడిగినవే. జవాబులు మాత్రం "ఎప్పుడు, ఎంత" అన్న దగ్గరికే ఎక్కువగా వెళ్లాయని ముందే మనవి చేస్తున్నాము.

ప్రశ్న: రసాయన ఎరువులు మానేసి మూడేళ్లయింది. ఎకరం నేలకు ఏటా 15 టన్నుల పశువుల ఎరువు, దానికి తోడు కోళ్ల ఎరువు వేస్తున్నాను. మొక్కలు ఏపుగా పెరుగుతున్నాయి గానీ టమాటా, మిరప కాపు తక్కువగా ఉంది, పేనుబంక వదలడం లేదు. లేత ఆకుల్లో ఈనెల మధ్య పసుపు తేలుతోంది. మట్టి పరీక్షలో భాస్వరం "చాలా ఎక్కువ" అని వచ్చింది. సేంద్రియ ఎరువు కూడా ఎక్కువవుతుందా?

అవుతుంది. సేంద్రియ సాగులోకి ఉత్సాహంగా వచ్చినవారు మొదటి నాలుగైదేళ్లలో చేసే పొరపాట్లలో ఇదే పెద్దదని మా అభిప్రాయం. ఎరువు మంచిదే కనుక ఎంత వేసినా మంచిదే అనుకోవడం దీనికి మూలం.

కాగితం మీద లెక్క వేసి చూడండి. బాగా చివికిన పశువుల ఎరువులో సుమారు 0.5 శాతం నత్రజని, 0.2 శాతం భాస్వరం, 0.5 శాతం పొటాష్ ఉంటాయి. అంటే టన్ను ఎరువుతో 5 కిలోల నత్రజని వస్తుంది, కానీ అందులో మొదటి పంటకు అందేది 30 శాతమే, అంటే కిలోన్నర. మీ పంటకు 45 కిలోల నత్రజని కావాలనుకుని అంతా ఈ ఎరువుతోనే ఇవ్వాలంటే 30 టన్నులు తోలాలి. ఆ 30 టన్నులతో పాటు 60 కిలోల భాస్వరం కూడా నేలలో పడుతుంది. కూరగాయ పంటలు తీసుకునే భాస్వరం, అవి తీసుకునే నత్రజనిలో ఇంచుమించు మూడో వంతు, అంటే 15 కిలోలు. మిగిలిన 45 కిలోలు ఎక్కడికీ పోవు. నత్రజని కొంత గాలిలో కలుస్తుంది, కొంత నీటితో దిగిపోతుంది. భాస్వరం మట్టి రేణువులను అంటుకుని ఏటికేడాది పేరుకుంటుంది. కోళ్ల ఎరువులో సుమారు 3 శాతం నత్రజని, రెండున్నర శాతం భాస్వరం ఉంటాయి కాబట్టి అది ఈ పేరుకుపోవడాన్ని ఇంకా తొందరపెడుతుంది.

భాస్వరం అలా పేరుకున్న నేలలో మొక్క జింకును, ఇనుమును సరిగా తీసుకోలేదు. లేత ఆకుల్లో మీరు చూస్తున్న పసుపు చాలావరకు దాని గుర్తే. వేళ్లతో కలిసి బతుకుతూ దూరంలోని పోషకాలను, నీటిని అందించే మైకోరైజా శిలీంధ్రాలు కూడా భాస్వరం పుష్కలంగా ఉన్నచోట వేళ్లలో స్థిరపడవు. వానకు కొట్టుకుపోయిన మట్టి చెరువులో చేరితే నాచు విపరీతంగా పెరుగుతుంది. ఇక నిరుటి ఎరువులో మిగిలిన నత్రజని ఈ ఏడాది ఎరువుకు తోడై విడుదలవుతుంది కనుక ఆకు దట్టంగా, మెత్తగా పెరుగుతుంది. అటువంటి రసం నిండిన లేత చిగురు పేనుబంకకు విందు భోజనం వంటిది.

చేయవలసింది ఇది. మట్టి పరీక్షలో భాస్వరం తగ్గుముఖం పట్టేవరకు కోళ్ల ఎరువును పూర్తిగా ఆపండి. పశువుల ఎరువును నారుమడికి, నాటే గుంతలకు మాత్రమే పరిమితం చేయండి. నత్రజని కోసం పచ్చిరొట్ట పైర్లను ఆశ్రయించండి, ఎందుకంటే జనుము, జీలుగ, అలసంద, పిల్లిపెసర వంటివి గాలిలోని నత్రజనిని దింపుతాయే తప్ప బయటి నుంచి భాస్వరాన్ని తీసుకురావు. 45 నుంచి 50 రోజుల వయసులో, పూత మొదలయ్యే దశలో కలియదున్నిన మంచి పైరు ఎకరానికి 25 నుంచి 40 కిలోల దాకా నత్రజనిని ఇవ్వగలదు. పైరు నిజంగా పనిచేస్తున్నదా లేదా తెలుసుకోవడానికి నెల రోజుల మొక్కనొకదాన్ని మట్టితో సహా తవ్వి తీసి, వేరుపై ఉన్న బొడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ లేదా ఎరుపు రంగు ఉంటే నత్రజని దిగుతోందని అర్థం. తెల్లగా ఉన్నా, ఆకుపచ్చగా ఉన్నా ఆ బొడిపె పనిచేయడం లేదు, వచ్చే విడత విత్తనానికి రైజోబియం (బొడిపెల్లో ఉండి నత్రజనిని దింపే బాక్టీరియా) పట్టించి వేయాలి.

ఒక హెచ్చరిక కూడా అవసరం. పచ్చిరొట్టను కలియదున్నిన మర్నాడే చిన్న విత్తనాలు చల్లవద్దు. పచ్చి ఆకు కుళ్లుతున్నంతకాలం నారుకుళ్లు తెచ్చే శిలీంధ్రాలు చెలరేగుతాయి. రెండు మూడు వారాలు ఆగండి. ఇనుము, జింకు లోపాలు పరీక్షలో రుజువైతే వాటి సల్ఫేటును ఆకులపై పిచికారీ చేయడానికి చాలా సేంద్రియ ప్రమాణాలు ఒప్పుకుంటాయి. మీకు సేంద్రియ ధ్రువీకరణ ఉంటే చల్లకముందే దాన్ని ఇచ్చిన సంస్థ అనుమతి కాగితంపై తీసుకోండి.

ప్రశ్న: కంపోస్టు కుప్ప వేసి నెలయింది, వేడెక్కలేదు. ఒక పక్క తెరిస్తే కుళ్లిన గుడ్ల వాసన వస్తోంది. ఎక్కడ తప్పింది?

రెండు తప్పులు ఒకేసారి జరిగి ఉండవచ్చు: నీళ్లెక్కువై గాలి ఆడకపోవడం, ఎండు చెత్త తగ్గడం. కుప్పలోని పదార్థమంతా కలిపి చూస్తే కర్బనం 25 నుంచి 30 పాళ్లు ఉన్నప్పుడు నత్రజని ఒక పాలు ఉండాలి. ఎండు గడ్డి, ఎండుటాకులు, రంపపు పొట్టు కర్బనం వైపు మొగ్గుతాయి. పేడ, పచ్చి కలుపు, కూరగాయల వ్యర్థాలు నత్రజని వైపు మొగ్గుతాయి. ఘాటైన అమోనియా వాసన వస్తే పచ్చిది ఎక్కువైనట్టు. కుళ్లిన గుడ్ల వాసన వస్తే గాలి అందనట్టు.

కుప్ప మధ్య నుంచి గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనబడితే తేమ సరిగ్గా ఉన్నట్టు, ధార కడితే ఎక్కువైనట్టు, పిడికిలి విప్పగానే పొడిగా రాలిపోతే తక్కువైనట్టు. మీ కుప్పను విప్పి, ఎండు గడ్డిని అడుగు పొడవు ముక్కలుగా నరికి కలుపుతూ, పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్కటి మీటరుకు తగ్గకుండా తిరిగి పేర్చండి. అంతకన్నా చిన్న కుప్పలో పుట్టిన వేడి పుట్టినట్టే బయటికి పోతుంది. నాలుగైదు రోజుల్లో లోపల 55 డిగ్రీల సెల్సియస్ దాటాలి. ఉష్ణమాపకం లేకపోతే ఇనుప కడ్డీని మధ్యకు గుచ్చి పది నిమిషాల తరువాత తీసి పట్టుకోండి, చేతిలో నిలవనంత వేడిగా ఉండాలి. 70 డిగ్రీలు దాటితే మేలుచేసే సూక్ష్మజీవులూ చస్తాయి కనుక అప్పుడు తిరగవేయాలి.

ఈ 55 డిగ్రీల పట్టింపు ఊరికే పెట్టింది కాదు. కలుపు గింజలు, పేడలోని రోగకారక క్రిములు ఆ వేడికే నశిస్తాయి. బయట వరుసగా పేర్చిన కుప్ప 55 డిగ్రీలకు పైగా 15 రోజులు ఉండి, ఆ వ్యవధిలో కనీసం ఐదుసార్లు తిరగబడాలని అమెరికా సేంద్రియ నిబంధనలు కోరుతున్నాయి. అలా వేడెక్కని పచ్చి పేడను వేస్తే, మట్టికి తగిలే కూరగాయ అయితే కోతకు 120 రోజుల ముందు, తగలనిది అయితే 90 రోజుల ముందు మట్టిలో కలిపి ఉండాలి. ఆకుకూరలు, ముల్లంగి, క్యారెట్ పచ్చిగా తినేవారు ఉంటారు కాబట్టి ఏ దేశంలో సాగుచేసినా ఈ గడువును పాటించడం మంచిదని మేము భావిస్తాము.

ప్రశ్న: బయటి నుంచి ఒక బండెడు పశువుల ఎరువు కొని వేశాను. ఆ మడుల్లో బీన్స్, టమాటా చిగుళ్లు దొప్పల్లా ముడుచుకుపోయి, కొత్త ఆకులు సన్నగా మెలితిరిగి వస్తున్నాయి. వైరస్ అని అందరూ అంటున్నారు. పీకేయమంటారా?

పీకే ముందు పొలమంతా ఒకసారి నడిచి చూడండి. ఆకుముడత వైరస్ తెల్లదోమ మోసుకొచ్చేది. అది మడిలో అక్కడొక మొక్క, ఇక్కడొక మొక్కగా మొదలై పాకుతుంది. ఆ ఎరువు వేసిన మడుల్లో ఒక్క మొక్క కూడా మిగలకుండా అన్నీ ఒకేసారి ముడుచుకుని, వేయని మడుల్లో అదే రకం మొక్కలు నిక్షేపంగా ఉంటే, పక్కనే మొక్కజొన్న వంటి గడ్డిజాతి పంటకు ఏమీ కాకపోతే, అది వైరస్ కాదు. ఎరువులో కలుపు మందు అవశేషం ఉంది.

పచ్చిక బయళ్లలో, ధాన్యపు పొలాల్లో వెడల్పాకు కలుపును చంపడానికి వాడే అమినోపైరలిడ్, క్లోపైరలిడ్, పిక్లోరామ్ వంటి మందులు విచిత్రమైనవి. గడ్డిని తిన్న పశువుకు ఏమీ కాదు, మందు మాత్రం దాని కడుపులో చెడకుండా పేడలోకి వచ్చేస్తుంది. కంపోస్టు వేడికి కూడా అంత తేలికగా విచ్ఛిన్నం కాదు. చిక్కుడు జాతి, వంగ జాతి మొక్కలకు అది అతి స్వల్ప పరిమాణంలో ఉన్నా చాలు. 2008లో బ్రిటన్‌లో ఎందరో పెరటి తోటల వారి పంటలు ఇలాగే పాడవడంతో అమినోపైరలిడ్ అమ్మకాలను కొంతకాలం నిలిపివేయవలసి వచ్చింది.

ఈ జవాబు రాస్తున్న నాకూ ఇది తెలిసింది పుస్తకాల వల్ల కాదు. ఒక ఏడాది నేను కొన్న ఎరువు వేసిన నాలుగు మడుల్లో బీన్స్ ఇలాగే ముడుచుకుంటే, వైరస్ అని తీర్మానించి మొత్తం పీకి తగులబెట్టి, మళ్లీ విత్తాను. రెండో విడత కూడా మూడో ఆకు దగ్గరే చేయి ముడిచినట్టు ముడుచుకుంది. అప్పటికిగాని ఎరువు మీద అనుమానం రాలేదు. అమ్మినవారిని అడిగితే పశువులకు వేసిన గడ్డి ఎక్కడిదో వారికే తెలియదన్నారు, బహుశా అది నిజమే అయి ఉండాలి.

అప్పటి నుంచి బయటి ఎరువు ఏది వచ్చినా ముందు కుండీల్లో పరీక్షిస్తున్నాను. ఒక పాలు ఎరువు, రెండు పాళ్లు నమ్మకమైన మట్టి కలిపి మూడు నాలుగు కుండీలు నింపండి. మరో మూడు నాలుగింటిలో ఎరువు లేని మట్టిని నింపండి. ఒక కుండీలోని నీరు మరొక దానిలోకి పారకుండా విడివిడిగా పెట్టి, ఒక్కొక్క దానిలో మూడు బీన్స్ గింజలు వేసి, మూడు నాలుగు వారాలు పెరగనివ్వండి. ఎరువు కుండీల్లో మాత్రమే ఆకు దొప్ప తిరిగితే ఆ ఎరువు పొలంలోకి రాకూడదు. ఈ పరీక్షకు నెల పడుతుంది కాబట్టి ఎరువును నాటే రోజుకు కనీసం రెండు నెలల ముందే తెప్పించుకోవాలి.

ఇప్పటికే వేసేసిన మడుల్లో బీన్స్, టమాటా, వంగ, మిరప వేయకండి. మొక్కజొన్న వంటి గడ్డిజాతి పంట వేసి, తరచు పైపైన కదిలిస్తూ, తేమ ఆరకుండా చూస్తే మట్టిలోని సూక్ష్మజీవులు ఆ మందును క్రమంగా విరగ్గొడతాయి. ఒక్కోసారి ఏడాది సరిపోతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ మడిలో వచ్చిన చొప్పను మాత్రం కంపోస్టు కుప్పలో వేయకండి, తిరిగి అదే మడిలో కలపండి. ధ్రువీకరణ ఉన్నవారు ఈ విషయాన్ని దాచకుండా సంస్థకు తెలపాలి.

ప్రశ్న: పంట మార్పిడి శ్రద్ధగా చేస్తున్నాను. టమాటా తరువాత బెండ, బెండ తరువాత దోస వేశాను. మూడు వేర్వేరు కుటుంబాలు. అయినా మధ్యాహ్నానికి మొక్కలు వాడి, సాయంత్రానికి లేస్తున్నాయి, ఎదుగుదల లేదు. ఎందుకు?

మీరు పాటించిన సూత్రం తప్పు కాదు, మీ పొలంలో ఉన్న శత్రువుకు అది చాలదు. వేరు బుడిపె నులిపురుగు అని మా అనుమానం. టమాటా, బెండ, దోస మూడూ దానికి ఇష్టమైన ఆహారమే. కుటుంబం మారిందని మనం అనుకుంటున్నాము గానీ నులిపురుగుకు వడ్డన ఆగలేదు.

వాడిన మొక్కను చేత్తో లాగకండి, లాగితే సన్న వేళ్లు తెగి సాక్ష్యం మట్టిలోనే ఉండిపోతుంది. పారతో చుట్టూ తవ్వి, మట్టిగడ్డతో సహా ఎత్తి, బకెట్ నీళ్లలో నానబెట్టి మెల్లగా కడగండి. వేరు పొడవునా పూసల దండ మాదిరిగా ఉబ్బులు ఉంటే నులిపురుగే. చిక్కుడు జాతి మొక్కల వేళ్లపై ఉండే నత్రజని బొడిపెలతో దీన్ని పొరబడవద్దు. ఆ బొడిపె వేరు పక్కన అంటుకుని ఉండి గోటితో తోస్తే ఊడి వస్తుంది, నులిపురుగు బుడిపెలో వేరే ఉబ్బి ఉంటుంది కనుక వేరును చీల్చితే తప్ప అది విడిపోదు. ఉబ్బులేమీ కనిపించకుండా టమాటా, వంగ పచ్చగా ఉండగానే వాడిపోతుంటే కాండాన్ని నేలకు దగ్గరగా కోసి, కోసిన కొనను గాజు గ్లాసులోని శుభ్రమైన నీటిలో కదలకుండా ఉంచండి. కొద్ది నిమిషాల్లో పాల వంటి తెల్లటి దారాలు కిందికి జారితే అది బాక్టీరియా ఎండుతెగులు. ఆ మొక్కలను వేళ్లతో సహా తీసేసి, ఆ మడిలో కొన్నేళ్లపాటు వంగ జాతి పంటలు వేయకూడదు.

నులిపురుగు సంగతికి వస్తే, మట్టి 25 నుంచి 28 డిగ్రీల వేడిగా ఉన్నప్పుడు దాని ఒక తరం నెల లోపే పూర్తవుతుంది, ఒక్కో ఆడపురుగు వందల గుడ్లు పెడుతుంది. మూడు నెలల టమాటా పంటలో అది మూడు తరాలు పెరుగుతుందన్న మాట. కాబట్టి పంట అయిపోయిందనగానే, "ఇంకో రెండు కోతలు వస్తాయేమో" అని ఆగకుండా, వేళ్లను తవ్వి ఎండలో ఆరబెట్టి తగులబెట్టండి. ఆ ఆఖరి రెండు కోతల కోసం ఉంచిన నెల రోజుల్లోనే ఒక తరం గుడ్లు మడిలో చేరతాయి.

తరువాత మడికి మేలైనవి: జనుము, నువ్వులు, ఉల్లి, వెల్లుల్లి, బంతి. బంతి గురించి ఒక అపోహ బాగా పాకింది. టమాటా చాళ్ల మధ్య అక్కడక్కడ నాలుగు బంతి మొక్కలు పెడితే నులిపురుగు పోతుందనుకుంటారు. బంతి వేళ్లలోని ఆల్ఫా టెర్తినైల్ అనే పదార్థం నులిపురుగును చంపే మాట నిజమే, కానీ అది వేరుకు దగ్గరగా వచ్చినవాటి మీదే పనిచేస్తుంది. మడి అంతటా బంతినే ఒత్తుగా వేసి, రెండు మూడు నెలలు నిలిపి, మధ్యలో కలుపు లేకుండా ఉంచితేనే ఫలితం ఉంటుంది, ఎందుకంటే కలుపు మొక్కల్లో చాలావాటి వేళ్లు నులిపురుగుకు ఆశ్రయమిస్తాయి. చాళ్ల మధ్య పెట్టిన బంతికి వేరే ప్రయోజనం ఉంది, కాయతొలుచు పురుగు దాని పూల మీద గుడ్లు పెడుతుంది. ఆ పని వేరు, ఈ పని వేరు.

ఏడాదిలో ఎండ తీవ్రంగా ఉండే కాలంలో మడిని తడిపి, 25 మైక్రాన్ల పారదర్శక పాలిథిన్ పట్టాను అంచులు మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు కప్పి ఉంచడం మరో మంచి మార్గం. నల్ల పట్టా ఈ పనికి రాదు, వెలుతురు మట్టి దాకా దిగాలి. నులిపురుగును తట్టుకునే టమాటా రకాలూ ఉన్నాయి. వాటిలోని ఎంఐ అనే జన్యువు మట్టి వేడి 28 డిగ్రీలు దాటితే పనిచేయడం తగ్గిపోతుంది కనుక వాటిని చల్లని కాలపు పంటకు పెట్టుకుని, మట్టిపై గడ్డి ఆచ్ఛాదన వేయండి.

ప్రశ్న: వేప గింజల కషాయం చల్లినా పురుగు చావడం లేదు.

మొదటి రోజే చస్తుందని ఎదురుచూడకండి. వేప గింజలో పనిచేసే పదార్థమైన అజాడిరక్టిన్ పురుగు చేత తిండి మాన్పిస్తుంది, కుబుసం విడవకుండా ఆపుతుంది. పురుగు బతికే కనిపించినా ఆకు నమలడం ఆగిందా అన్నది చూడాలి. అలాగే అది ఎండకు త్వరగా విచ్ఛిన్నమవుతుంది, కాబట్టి సాయంత్రం పూట, ఆకుల అడుగుభాగం తడిసేలా చల్లాలి. 5 కిలోల గింజల పప్పును దంచి రాత్రంతా నానబెట్టి, వడగట్టి, 100 లీటర్లకు సరిపెట్టి, కొద్దిగా సబ్బు నీరు కలిపి అదే రోజు వాడండి. ఏడాది దాటిన గింజలు, బూజు పట్టిన గింజలు వాడితే శ్రమ వృథా. పెద్ద గొంగళి పురుగుల మీద ఇది అంతగా పనిచేయదు, బీటీ బాక్టీరియా మందు కూడా చిన్న పురుగుల మీదే పనిచేస్తుంది. అందుకే వారానికి రెండుసార్లు ఆకు తిప్పి గుడ్ల కోసం చూసేవారికి ఈ మందులు పనిచేసినట్టు, కాయ మీద రంధ్రం చూశాక పరుగెత్తేవారికి పనిచేయవు.

ప్రశ్న: వారం వారం 40 కుటుంబాలకు బుట్టలు పంపుతాను. ఒక వారం బీన్స్ గుట్టలుగా వస్తాయి, మరుసటి వారం గింజ ఉండదు. ఎలా సరిదిద్దాలి?

చిన్న పొలానికి ఎరువు, పురుగు కంటే పెద్ద సమస్య ఇదేనని మాకు అనిపిస్తుంది. కొనేవారు ఒక వారం ఖాళీ బుట్టను సహిస్తారు, మూడోసారి వేరే చోటు చూసుకుంటారు.

కోత నుంచి వెనక్కి లెక్క కట్టండి. కుటుంబానికి అరకిలో చొప్పున వారానికి 20 కిలోల బీన్స్ కావాలి. పొద బీన్స్ ఒక విత్తు రెండు వారాలు కోతకు వస్తుందనుకుంటే, ఆ రెండు వారాలకు 40 కిలోలు. మీ చాలులో మీటరుకు మొత్తం అరకిలో కాస్తుందనుకుంటే 80 మీటర్ల చాలు అవసరం. మొలక రానివి, పురుగు తిన్నవి, వంకర పోయినవి పోగా సరిపోవాలంటే పావు వంతు కలిపి 100 మీటర్లు విత్తండి. రెండు వారాలకొకసారి 100 మీటర్లు, అంతే. మీటరుకు అరకిలో అన్నది లెక్క కోసం మేము పెట్టిన అంకె మాత్రమే. మీ నేలలో ఎంత కాసిందో మీ నోటు పుస్తకమే చెప్పాలి, పుస్తకం లేకపోతే ఈ వారమే మొదలుపెట్టండి. విత్తిన తేదీ, చాలు పొడవు, మొదటి కోత తేదీ, కోతకు ఎన్ని కిలోలు అన్న నాలుగు గళ్లు చాలు.

అయితే ఒక చిక్కు ఉంది. చల్లని రోజుల్లో పది రోజుల తేడాతో వేసిన రెండు విత్తులు, ఎండ ముదిరాక ఒకదాన్నొకటి అందుకుని ఒకేసారి కోతకు వస్తాయి. గుట్టలుగా పడిన వారం వెనుక చాలాసార్లు ఉన్న కారణం ఇదే. మొక్క తేదీలను లెక్కపెట్టదు, తనకు అందిన వేడిని లెక్కపెడుతుంది. అందుకని చల్లటి కాలంలో క్యాలెండర్ చూడకుండా మడి చూడండి: ముందటి విత్తులో రెండో మూడో అసలు ఆకు విచ్చుకున్నాకే తరువాతి విత్తు వేయండి. వేడి కాలంలో వారాల లెక్క చాలు.

ముల్లంగి, తోటకూర 25 నుంచి 30 రోజుల్లో వచ్చేస్తాయి కనుక వారానికో పది రోజులకో చిన్న మడి వేసుకోవచ్చు. కొత్తిమీర రెండు వారాలకొకసారి సరిపోతుంది. బెండ ఒకసారి కాపుకొస్తే రోజు విడిచి రోజు కోయాలి, ఒక్క కోత తప్పితే కాయ ముదిరి, మొక్క కొత్త పూత తగ్గిస్తుంది. ఐదారు వారాలకొక కొత్త మడి ఉంటే పాత మడిని నిర్దయగా తీసేయవచ్చు. వంగ విషయంలో ఇంత హడావుడి అవసరం లేదు, ఒక విడత నాటి, కాపు తగ్గాక కొమ్మలు కత్తిరిస్తే మళ్లీ చిగురించి కాస్తుంది.

మడులన్నీ ఒకే వెడల్పు, ఒకే పొడవు ఉండేలా చూసుకోండి. అప్పుడు ఒక మడికి కోసిన వల, బిందు గొట్టం, ఆచ్ఛాదన పట్టా మరే మడికైనా సరిపోతాయి, లెక్క కూడా "ఎన్ని మడులు" అన్న ఒక్క అంకెలోకి వస్తుంది.

ప్రశ్న: ఎండుగడ్డి ఆచ్ఛాదన వేసినా తుంగ పొడుచుకు వస్తోంది.

వస్తుంది. తుంగ గింజతో కాక నేలలోని దుంపలతో పెరుగుతుంది, దానికి గడ్డి పొర అడ్డు కాదు. పైన కోసినకొద్దీ పక్క దుంపలు మేల్కొంటాయి. తేమ ఉన్నప్పుడు ముల్లుపారతో దుంపతో సహా ఎత్తి ఎండలో పడేయడం, నీడను అది తట్టుకోలేదు కనుక చిలగడదుంప, అలసంద వంటి దట్టంగా కప్పే పంటను ఒక కాలం వేయడం, ఈ రెండూ కలిస్తేనే తగ్గుతుంది. గింజతో వచ్చే కలుపుకు మాత్రం సులువైన ఉపాయం ఉంది. మడిని విత్తడానికి సిద్ధం చేసి, తడి పెట్టి, వారం పది రోజులు ఆగి, మొలిచిన కలుపును అంగుళం కూడా లోతు పోకుండా పైపైన గీకి, అప్పుడు విత్తండి. లోతుగా కదిపితే కింది గింజలు పైకి వచ్చి మళ్లీ మొదటికే వస్తుంది. గడ్డిని మూడు నాలుగు అంగుళాల మందాన పరవడం మానకండి. ఎకరం నేలలో ఒక్క సెంటీమీటరు మేర నీరు ఆవిరైతే పోయేది సుమారు 40,000 లీటర్లు.

ప్రశ్న: సొంత విత్తనం కట్టుకోవాలని ఉంది. దేనితో మొదలుపెట్టాలి?

టమాటా, బీన్స్‌తో మొదలుపెట్టండి, వీటి పువ్వు చాలావరకు తనను తానే ఫలదీకరించుకుంటుంది. దోస, సొర, బీర, ముల్లంగి, క్యాబేజీ జాతులను తేనెటీగలు దూరం నుంచి కూడా సంకరం చేస్తాయి. బెండ కూడా కొంత సంకరమవుతుంది. వాటిని పూలకు సంచులు కట్టి చేత్తో పరాగం అద్దడం నేర్చుకున్నాక పట్టుకోండి. ఎఫ్1 సంకరం (రెండు వేర్వేరు రకాలను కలిపి పుట్టించిన మొదటి తరం) నుంచి తీసిన విత్తనం తల్లిని పోలి రాదు, దాన్ని వదిలేయండి. టమాటాలో మొదటి కాయను మురిపెంగా ఎంచుకోవడం చూస్తాము, మేము మాత్రం ఎండకూ తెగులుకూ తట్టుకుని చివరి దాకా నిలిచిన ఆరేడు మొక్కలకు ముందే రంగు దారం కట్టి, వాటి రెండో మూడో గుత్తి నుంచి తీస్తాము. గుజ్జుతో సహా గింజలను గాజు సీసాలో రెండు మూడు రోజులు పులియనిస్తే గింజ చుట్టూ ఉన్న జిగురు పొర విడిపోతుంది. కడిగి, కాగితం మీద కాకుండా పళ్లెంలో నీడన ఆరబెట్టండి, కాగితానికి అంటుకున్న గింజను ఊడదీయడం ఒక పూట పని. బీన్స్ గింజ పంటి కింద నొక్కు పడకుండా పటుక్కుమని విరిగేంత ఎండాకే సీసాలో పోసి, పైన రకం పేరు, తీసిన తేదీ రాసి మూత బిగించండి.